సూసన్న సాక్ష్యము, సంస్థల గోడలు: ఆర్తెమీసియా జెంటిలెస్కి వ్యాజ్యము (1612) – ఒక చారిత్రక పరిశీలన

దానియేలు గ్రంథమునకు గ్రీకు బైబిలులో ఒక అదనపు అధ్యాయము ఉన్నది. కథోలికుల తెలుగు బైబిలులో అది పదమూడవ అధ్యాయముగా కనిపిస్తుంది. మన ప్రొటెస్టెంట్ సంఘములలో వాడుకలో ఉన్న తెలుగు బైబిలులో అది లేదు. అందుచేత మన పాస్టర్లలో చాలమందికి సూసన్న కథ అంతగా పరిచయము ఉండదు. బబులోను చెరలో ఉన్న యూదుల మధ్య యోవాకీము అనే ధనవంతుని భార్య ఆమె. ఆ యేడు ప్రజలకు న్యాయాధిపతులుగా నియమింపబడిన ఇద్దరు పెద్దలు తోటలో పొంచి ఉండి, తమకు లొంగకపోతే పరపురుషునితో ఉండగా చూశామని సాక్ష్యమిస్తామని ఆమెను బెదిరిస్తారు. ఆమె లొంగదు. మరునాడు సమాజము వారి మాట నమ్మి ఆమెకు మరణశిక్ష విధిస్తుంది. ఎందుకు నమ్మింది? వారు పెద్దలు, న్యాయాధిపతులు గనుక. గ్రంథకర్త ఈ కారణమును దాచలేదు. తరువాత దానియేలు అను పడుచువాడు లేచి, ఇద్దరినీ విడివిడిగా నిలిపి, ఏ చెట్టు క్రింద చూశారని అడుగుతాడు. ఇద్దరూ రెండు చెట్ల పేర్లు చెప్పి దొరికిపోతారు.

క్రైస్తవ కళాచరిత్రలో ఈ కథకు పట్టిన గతి వేరు. పదహారు, పదిహేడు శతాబ్దములలో యూరోపు ప్రభువులు, కార్డినలులు సూసన్న చిత్రమును మిక్కిలి ఇష్టపడి తమ భవనముల కొరకు వేయించుకొన్నారు. వారు కోరినది న్యాయసభ ఘట్టమును కాదు, స్నానపు ఘట్టమును. వియన్నా మ్యూజియములో ఉన్న టింటొరెట్టో చిత్రములో సూసన్న తన అందమును అద్దములో తానే చూచుకొంటూ కూర్చున్నది. ఆ చిత్రము ముందు నిలబడినవాడు తెలియకుండనే మూడవ పెద్ద అవుతాడు. నిర్దోషి పక్షమున చెప్పబడిన కథ గోడ మీదికి వచ్చేసరికి దోషుల కన్నుతో చూడబడినది.

1610లో రోమా నగరములో 17 ఏండ్లు నిండీ నిండని ఒక బాలిక ఇదే కథను చిత్రించింది. జర్మనీలోని పొమ్మర్స్‌ఫెల్డెన్ భవనములో ఇప్పటికీ ఉన్న ఆ చిత్రములో తోట లేదు, అద్దము లేదు. ఒక రాతి గట్టు, దాని పైనుండి వంగి గుసగుసలాడుతున్న ఇద్దరు మగవారు, వారి క్రింద ముఖము పక్కకు త్రిప్పి, రెండు చేతులు అడ్డము పెట్టి మెలితిరిగిపోతున్న స్త్రీ. ఆ బాలిక ఆర్తెమీసియా జెంటిలెస్కి. మరుసటి సంవత్సరమే ఆమె స్వయముగా సూసన్న అయినది.

కళాసంస్థ అనగానే నేడు మ్యూజియములు, అకాడమీలు మన మనస్సుకు వస్తాయి. ఆ కాలములో చిత్రకారునికి పని ఇచ్చే పోపు ఆస్థానము, కార్డినలు భవనము, దేవాలయము కూడ కళాసంస్థలే. ఇట్టి సంస్థలు తమ యెదుట ఒక స్త్రీ తనపై జరిగిన దౌర్జన్యమును గూర్చి నోరు తెరచినప్పుడు ఏమి చేశాయి? దీనికి ఆర్తెమీసియా చరిత్రలో దొరికినంత వివరమైన సమాధానము మరెక్కడా దొరకదు. ఎందుకంటే ఆ విచారణ ప్రతులు రోమాలోని రాష్ట్ర పత్రభాండాగారములో నేటికీ భద్రముగా ఉన్నాయి.

రోమా, 1611–1612

ఆర్తెమీసియా 1593లో జన్మించింది. తండ్రి ఒరాజియో జెంటిలెస్కి పేరున్న చిత్రకారుడు. తల్లి 1605లో మరణించగా, ఈ పిల్ల తండ్రి పనిగదిలోనే పెరిగి కుంచె పట్టింది. ఒరాజియో అప్పట్లో అగొస్తినో తాస్సీ అనే మరొక చిత్రకారునితో కలిసి పోపుగారి మేనల్లుడైన కార్డినలు షిపియోనె బొర్గీజె భవనములో పైకప్పు చిత్రములు వేస్తూ ఉన్నాడు. తాస్సీకి ఒక ప్రత్యేకమైన నైపుణ్యము ఉండేది. చదునైన గోడ మీద స్తంభములు, వసారాలు, తెరచిన ఆకాశము నిజముగా ఉన్నట్టు భ్రమ కలిగించేవాడు. ఆ పని తెలిసినవారు కొద్దిమందే. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకోవలెను; ముందుకు పోయేకొలది దీని విలువ తెలుస్తుంది.

1611 మే నెలలో తాస్సీ ఆర్తెమీసియాను ఆమె ఇంటిలోనే బలాత్కరించాడు. అదే ఇంటిలో పై భాగములో అద్దెకున్న తూజియా అనే స్త్రీ, పిల్లకు తోడుగా ఉండవలసినది, అడ్డుపడలేదు. పోపు ఆస్థాన ఉద్యోగి ఒకడు కూడ ఇందులో తాస్సీకి సహాయకుడని ఆరోపణ వచ్చింది. తరువాత తాస్సీ పెండ్లి చేసుకుంటానని మాట ఇచ్చి నెలల తరబడి ఆశ చూపించాడు. ఆ మాట నిలువదని తేలినప్పుడు 1612 ఆరంభములో ఒరాజియో ఐదవ పౌలు పోపుకు విన్నపము పెట్టుకొన్నాడు. మార్చిలో విచారణ మొదలై నవంబరు వరకు సాగింది.

ఆ నాటి చట్టములో నేరమునకు పెట్టిన పేరే మనకు చాల చెప్తుంది. అది ఒక స్త్రీ దేహమునకు జరిగిన అన్యాయముగా లెక్కింపబడలేదు. కన్యాత్వము పోగొట్టి ఆమె కుటుంబ గౌరవమునకు చేసిన నష్టము అది. కట్నము ఇచ్చినా, పెండ్లి చేసుకొన్నా ఆ నష్టము పూడిపోతుంది. ఫిర్యాది తండ్రి, నష్టపడినవాడు తండ్రి. కుమార్తె సాక్షి మాత్రమే. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చదివిన మనకు ఈ ఆలోచనా విధానము కొత్తది కాదు. చెరచినవానికే పిల్లనిచ్చి మూడు ముళ్ళు వేయిస్తే ఊరి పరువు నిలుస్తుందనే పంచాయితీలు మన ప్రాంతములలో ఎన్ని జరిగాయో పాస్టర్లకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ పంచాయితీలలో సంఘ పెద్దలు కూర్చున్న సందర్భములు లేవని కూడ మేము అనలేము.

విచారణలో మంత్రసానులు ఒక లేఖకుని సమక్షములో ఆర్తెమీసియా దేహమును పరీక్షించారు. తాస్సీ తరపు సాక్షులు ఆమె నడత మంచిది కాదని చెప్పారు. చివరకు న్యాయాధికారి ఆమె మాట నిజమో కాదో తేల్చుటకు సిబిల్లె అనే శిక్షను ప్రయోగించాడు. వ్రేళ్ళ చుట్టూ త్రాళ్ళు చుట్టి బిగించే పద్ధతి అది. అనుమానము సోకిన సాక్షి మాట నొప్పి ద్వారా శుద్ధి అవుతుందని ఆ నాటి న్యాయశాస్త్రము నమ్మేది. చిత్రకారిణికి వ్రేళ్ళే జీవనాధారము. తాస్సీ ఎదుటనే త్రాళ్ళు బిగించగా ఆమె తాను చెప్పినది నిజమేనని మళ్ళీ మళ్ళీ చెప్పింది. అతనికి ఈ పరీక్ష పెట్టలేదు.

నవంబరు నెలాఖరున తీర్పు వచ్చింది. తాస్సీ ఐదేండ్లు ఓడలలో కఠిన శ్రమ చేయవలెను, లేదా రోమా విడిచి పోవలెను. అతడు రెండవది కోరుకొన్నాడు. తీర్పు వెలువడిన ఒకటి రెండు రోజులలోనే ఆర్తెమీసియాకు పియెరాంతోనియో స్తియాత్తెసి అనే ఫ్లోరెన్సువానితో వివాహము జరిగింది. 1613 నాటికి ఆమె రోమాలో లేదు. నగర బహిష్కారము తాస్సీకి విధింపబడినదేగాని, నగరమును విడిచిపెట్టి చాలకాలము బయట బ్రదికినది ఆమె.

1616

తాస్సీ శిక్ష ఎంతో కాలము నిలువలేదు. అతడు రోమాకు తిరిగి వచ్చాడు. 1616లో క్విరినాలె భవనములోని రాజసభా మందిరమును చిత్రములతో అలంకరించే పని ఆరంభమైనప్పుడు, లాన్‌ఫ్రాంకో, సరచేని అనువారితో పాటు అగొస్తినో తాస్సీకి ఆ పని అప్పగింపబడినది. ఆ భవనము ఎవరిది? ఐదవ పౌలు పోపుది. నాలుగేండ్ల క్రితము ఒరాజియో విన్నపము అందుకొన్నది ఆయనే. నేడు ఇటలీ రాష్ట్రపతి నివాసముగా ఉన్న ఆ భవనములో ఆ చిత్రములు ఇంకను నిలిచి ఉన్నాయి. గోడల పై భాగములో చిత్రించిన వసారాల నుండి దూర దేశముల రాయబారులు క్రిందికి వంగి చూస్తూ ఉంటారు. వసారాలు నిజమైనవేనని కన్ను మోసపోతుంది. తాస్సీ పనితనము అంతటిది.

ఇందునుబట్టి పోపుగారు తాస్సీ నిర్దోషి అని భావించాడని చెప్పుటకు ఆధారము లేదు. అలాగని ఆర్తెమీసియా మాటను అబద్ధమన్నట్టును లేదు. నేరము రుజువైనది, తీర్పు వ్రాయబడినది, దస్తావేజు భద్రపరచబడినది. ఆ తరువాత మందిరమునకు చిత్రములు కావలసి వచ్చాయి. దౌర్జన్యమును కప్పిపుచ్చుటకు సంస్థలు కుట్ర చేస్తాయని మనము తరచుగా అనుకొంటాము. రోమాలో కుట్ర అవసరము కూడ లేకపోయినది. గోడ ఖాళీగా ఉన్నది, దానిని నింపగలవాడు ఒకడున్నాడు, అంతే. తామారు విషయమున దావీదు మిక్కిలి కోపగించాడని 2 సమూయేలు 13 చెప్తుంది. ఆ కోపము తరువాత అతడు ఏమి చేశాడో మాత్రము ఆ అధ్యాయములో వెదకినా దొరకదు. అమ్నోను రాజునకు కావలసినవాడు.

అదే 1616లో ఫ్లోరెన్సులో మరొక సంస్థ వేరొక పని చేసింది. 1563లో వాసారి ప్రేరణతో మెదిచీ ప్రభువు స్థాపించిన చిత్రలేఖన అకాడమీ ఆర్తెమీసియాను సభ్యురాలిగా చేర్చుకొన్నది. ఆ అకాడమీలో ప్రవేశము పొందిన మొదటి స్త్రీ ఆమె. గెలీలియో కూడ అప్పటికి అందులో సభ్యుడే. దీనిని న్యాయము జరిగిన సంఘటనగా వర్ణించాలని కొందరికి తోచవచ్చును. మా దృష్టిలో అది అతిశయోక్తి. అకాడమీ ఆమె పనిని చూచి చేర్చుకొన్నది, వ్యాజ్యమును గూర్చి ఏ మాటా అనలేదు. అయితే ఆ మౌనమునకు ఒక మంచి ఫలితము ఉన్నది. రోమాలో ఆమె ఒక వ్యాజ్యము పేరు. ఫ్లోరెన్సులో ఒక చిత్రకారిణి పేరు. జీవనాధారము దొరికిన తరువాత ఆమె తిరిగి రోమాకు, తరువాత నేపుల్సుకు, కొంతకాలము లండనుకు వెళ్ళి 1650ల వరకు పని చేసింది. 1649లో సిసిలీలోని ఒక ప్రభువుకు వ్రాసిన లేఖలో, స్త్రీ పేరు వినగానే పని చూడకముందే అనుమానము పుడుతుందని వాపోయింది. ఆ మాట వ్రాసే నాటికి ఆమెకు 50 ఏండ్లు దాటాయి.

మరుగు, వెలుగు

ఆమె మరణము తరువాత దాదాపు 250 సంవత్సరములు ఆమె చిత్రములు చాలవరకు తండ్రి పేరుననో, మరొకరి పేరుననో చలామణి అయినాయి. ఇంగ్లాండు రాణి హెన్రియెట్టా మరియా కొరకు ఆమె లండనులో చిత్రించిన మరొక సూసన్న, రాజకుటుంబ సేకరణలో ఫ్రెంచి చిత్రమనే పేరుతో హ్యాంప్టన్ కోర్టు భవనపు గిడ్డంగిలో పడి ఉన్నది. అది ఆర్తెమీసియా చిత్రమని 2023లో ప్రకటించారు. మసి, పాతవార్నీషు తొలగించగా చిత్రము వెనుక మొదటి చార్లెసు రాజు ముద్ర బయటపడినది. ఇట్టి మరుగు కూడ సంస్థలు చేసిన పనియే. కావాలని చేశారని చెప్పలేము. పట్టించుకోలేదని మాత్రము చెప్పవచ్చు.

1916లో రోబెర్తో లోంగి అనే ఇటలీ పండితుడు తండ్రీకూతుళ్ళ గూర్చి వ్రాసిన వ్యాసముతో ఆమె పేరు మళ్ళీ పండితుల నోట పడినది. అయితే మ్యూజియములు కదిలినది 1970లలో స్త్రీవాద చరిత్రకారులు ప్రశ్నలు వేసిన తరువాతనే. 1976లో లాస్ ఏంజిలిసులో స్త్రీ చిత్రకారుల ప్రదర్శన, 1989లో మేరీ గారార్డ్ గ్రంథము, 1991లో ఫ్లోరెన్సులో ఆమెకే ప్రత్యేకించిన ప్రదర్శన వెలువడినాయి. దీనితో మరొక చిక్కు వచ్చింది. ఆమె చిత్రించిన ప్రతి యూదీతు, ప్రతి లుక్రేసియా 1611 మే నెలకు ప్రతీకారముగా చదువబడసాగింది. హోలోఫెర్నెసు తల నరుకుచున్న యూదీతు చిత్రము యెదుట తాస్సీ పేరు ఎత్తని మార్గదర్శకుడు అరుదు. పాపము, ఆమె 40 ఏండ్లకు పైగా చేసిన శ్రమ ఒక దుర్మార్గుని జీవితచరిత్రకు అనుబంధమైనట్టు అయినది. కరవాజ్జో యొక్క యూదీతు చిత్రమును ఎవరూ ఆయన గాయముల నుండి వివరింపరు.

లండనులోని నేషనల్ గ్యాలరీ 2018లో ఆమె చిత్రమొకటి 36 లక్షల పౌండ్లకు కొన్నది. అలెగ్జాండ్రియా కేథరీన్ అనే హతసాక్షి రూపములో ఆమె తన్నుతాను చిత్రించుకొన్నది అందులో. ఇనుప మేకులున్న విరిగిన చిత్రహింస చక్రము మీద ఎడమచేయి ఆనించి ఉంటుంది. 2,300కు పైగా చిత్రములున్న ఆ గ్యాలరీలో స్త్రీలు చిత్రించినవి అప్పటికి రెండు డజన్లు కూడ లేవు. 2019లో ఆ చిత్రమును పెట్టెలో పెట్టి ఊళ్ళకు పంపించారు. గ్లాస్గోలో స్త్రీల గ్రంథాలయమునకు, ఒక వైద్యశాలకు, ఒక బాలికల పాఠశాలకు, సర్రే ప్రాంతములో ఒక స్త్రీల కారాగారమునకు అది వెళ్ళింది. 2020 ప్రదర్శనలో గ్యాలరీవారు రోమా నుండి విచారణ ప్రతిని తెప్పించి అద్దపు పెట్టెలో ఉంచారు. ఆ ప్రతి ఇటలీ దాటి రావడము అదే మొదలు. అక్కడ పాతకాగితము, లేఖకుని సిరా తప్ప మరేమీ లేదు.

దీనికి మూడేండ్ల తరువాత జెనోవా నగరములోని దుకాలె భవనములో మరొక ప్రదర్శన జరిగింది. నిర్వాహకులు ఒక గదిలో మంచము అమర్చి, ఎర్రటి నెత్తురు దృశ్యములు చూపించి, ఆమె వాంగ్మూలమును నటి గొంతుతో వినిపించారు. స్త్రీలు అనేకులు దీనిని నిరసించారు. బలాత్కారమును వినోదముగా మార్చారని వారి ఆక్షేపణ. నిర్వాహకుల ఉద్దేశ్యము చెడ్డదని మేము అనము. ప్రజలకు ఆ బాధ తెలియాలని వారు చెప్పుకొన్నారు. కాని టింటొరెట్టో సూసన్నకు ఏమి జరిగినదో మంచము పరచిన ఆ గదిలో ఆర్తెమీసియాకును అదే జరిగింది. చూడవచ్చినవాడు మళ్ళీ పొద చాటున నిలబెట్టబడ్డాడు. మన ఉజ్జీవ సభలలో బాధితులచేత వేదికపై సాక్ష్యము చెప్పించే విధానమును గూర్చి కూడ ఈ సందర్భములో ఆలోచించవలసి ఉన్నది. సాక్షి ఎవరి నిమిత్తము మాటలాడుతున్నది, తన నిమిత్తమా, కూటము వేడెక్కుట నిమిత్తమా?

గోడ మీద ఉన్నదాని సంగతి

మన దేవాలయములలో చిత్రములు తక్కువ గనుక ఇది కథోలికుల సమస్య అని కొందరు అనవచ్చును. ఐతే గ్రంథాలయపు అర కూడ ఒక గోడయే. మెన్నొనైట్ వేదాంతి జాన్ హోవర్డ్ యోడరు వ్రాసిన "పాలిటిక్స్ ఆఫ్ జీసస్" (1972) వేదాంత కళాశాలలలో ఎంతగా చదువబడినదో మనకు తెలిసినదే. అహింసను బోధించిన ఆయన స్త్రీలపై చేసిన లైంగిక దౌర్జన్యమును గూర్చిన పరిశోధన 2015 జనవరిలో ప్రచురింపబడినది. బాధితుల సంఖ్య 100 దాటి ఉండవచ్చునని అందులో అంచనా. ఆయన బోధించిన ఎల్కార్టులోని సెమినరీ ఆ యేటి మార్చిలో బాధిత స్త్రీల సమక్షములో విలాప ఆరాధన జరిపి తన తప్పిదము ఒప్పుకొన్నది. అంతకు ముందు ఎన్నో యేండ్లు ఆ సంస్థ చేసినది క్విరినాలె భవనము చేసిన పనియే: పని తెలిసినవాడు అవసరము.

ఇక లూర్దు. ఫ్రాన్సులోని ఈ పుణ్యక్షేత్రములో జపమాల మాత దేవాలయపు ముఖద్వారముల మీద 2008లో రంగురాళ్ళ చిత్రములు అమర్చారు. వాటిని చేసినది స్లొవేనియాకు చెందిన గురువు మార్కో రుప్నిక్. ప్రపంచములో 200కు పైగా దేవాలయములలో ఆయన పని ఉన్నదంటారు. ఆయన తమపై ఆత్మీయముగాను, లైంగికముగాను దౌర్జన్యము చేశాడని అనేకమంది స్త్రీలు, వారిలో పూర్వము కన్యకలుగా మఠములో ఉన్నవారు, చెప్పిన సంగతి 2022 డిసెంబరులో బయటికి వచ్చింది. 2023 జూనులో జెస్విట్ సభ ఆయనను తొలగించింది. అధికారికముగా చెప్పిన కారణము దౌర్జన్యము కాదు, విధేయతా వ్రతమును ధిక్కరించుట. నాలుగు శతాబ్దముల తరువాత కూడ నష్టపడినవారి పేరు తీర్మానములో తండ్రి స్థానము వెనుకనే ఉండిపోయినది. అదే సంవత్సరము అక్టోబరులో పోపు ఫ్రాన్సిస్ కాలపరిమితి నియమమును తొలగించి విచారణకు దారి తెరిచారు. తీర్పు రానంతవరకు ఇవి ఆరోపణలే అని మనము గుర్తుంచుకోవలెను.

అయినను లూర్దు బిషప్ ఝాన్-మార్క్ మికాస్ తీర్పు కొరకు వేచి ఉండలేదు. 2023లో ఒక సంఘమును నియమించి, బాధితుల మాట కూడ విన్నారు. కొందరు చిత్రమును చిత్రకారుని నుండి వేరు చేసి చూడాలన్నారు. చనిపోయిన కరవాజ్జో హంతకుడే గదా అన్నారు. కాని ఇక్కడ గాయపడినవారు బ్రదికి ఉన్నారు, లూర్దుకు వచ్చేవారిలో అట్టి గాయములు మోసేవారు అనేకులున్నారు. స్వస్థత కొరకు వచ్చిన స్త్రీ ఆ ద్వారము గుండానే లోపలికి పోవలెను. 2024 జూలైలో బిషప్ తన అభిప్రాయమును దాచకుండ చెప్పారు: తీసివేయుటయే మేలని తాను తలుస్తున్నానని, అయితే విశ్వాసులలో తీవ్రమైన భేదాభిప్రాయము ఉన్నందున అప్పుడే ఆ పని చేయలేనని. ఆ మాటతో ఎవరికీ తృప్తి కలుగలేదు. ముందుగా రాత్రి దీపముల ఊరేగింపు వేళ ఆ చిత్రముల మీద వెలుగు ప్రసరింపజేయుట మాన్పించారు.

2025 మార్చి 31న ప్రక్క ద్వారముల మీది చిత్రములను లోహపు పలకలతో కప్పివేశారు. తరువాత మధ్య ద్వారములను కూడ కప్పారు. చిత్రములు లోపల చెక్కుచెదరకుండ ఉన్నాయి, పలకలు విప్పవచ్చును. ఈలోగా లోపలికి వెళ్ళువారు ఆ రాళ్ళ ముఖములను చూడకుండ వెళ్తారు.